మోగని గొట్టం

సైకిలు తెచ్చినవాడు ఎవడైనా ముందు దాని జబ్బు చెబుతాడు. గాలి నిలవడం లేదనో, చైను జారిపోతోందనో, బ్రేకు పట్టడం లేదనో. చినబాబు మాత్రం ఆ పాత సైకిలును దుకాణం ముందు గోడకు ఆనించి, చెమటైనా తుడుచుకోకుండా, "అప్పా, దీనికి మంట మాత్రం ఎట్టకు" అన్నాడు.

దేముడమ్మ చేతిలో పంక్చరు ట్యూబు ఉంది. దాన్ని నీళ్ళ బేసిన్లోకి వదిలేసి తమ్ముడి ముఖం చూసింది.

"మంట ఎవులెడతారురా? నువ్వు తెచ్చింది సైకిలా, సిచ్చుబుడ్డా?"

"అది కాదే. పట్టీసిన నట్లకి పక్క ఎల్డింగు సాపోడి సేత మంట ఎట్టిస్తావు కదా. దీనికొద్దు."

"ఏటికి?"

"ఏమో. ఇచ్చినోడు అలగన్నాడు."

ఆమదాలవలస స్టేషను రోడ్డులో ఆ సైకిలు దుకాణం దేముడమ్మ మొగుడు పెట్టింది. అతను పోయి పదకొండేళ్ళయింది. బతికున్నన్నాళ్ళూ పానాలు అందిస్తూ, చక్రం పట్టుకుంటూ పక్కన కూర్చున్న మనిషి, పోయాక అతని పీట మీద కూర్చుంది. ఆడమనిషి సైకిళ్ళేం బాగుచేస్తుందని మొదట్లో నవ్వినవాళ్ళే ఇప్పుడు చక్రం వంకర తియ్యాలంటే ఆమె దగ్గరికే తెస్తున్నారు. ఆమె చేతికి ఎంత పేరుందో కంటికీ అంత పేరుంది. సెకండ్‌హ్యాండు సైకిలు ఎవరైనా అమ్మకానికి తెస్తే, అమ్మేవాడి ఊరి నుంచి ఇంకొకడు తోడు వచ్చి "ఇది ఇతనిదే" అని చెబితే తప్ప ముట్టుకోదు. పూచీ లేని సైకిలు ఆ దుకాణం గుమ్మం ఎక్కదు.

అలాంటిది, సొంత తమ్ముడు ఒంటరిగా తోసుకొచ్చిన సైకిలు గుమ్మంలో నిలబడింది.

"ఎక్కడిదిరా ఇది?"

"అసిరయ్య మావ ఇచ్చేడే. కళింగపట్నం అవతల. పడవలు సేస్తాడు. రెండు నెల్లు ఆడి కాడ పని సేసేను కదా, కూలి బదులు ఇది ఇమ్మన్నాను."

"కూలి బదులు తుప్పు తెచ్చుకున్నావన్నమాట."

"తుప్పు కాదే, సూడు ఒకసారి. ఇలాటిది మనూళ్ళో ఎవులికీ లేదు."

అది నిజమే. దేముడమ్మ ఇలాంటి సైకిలును చూడనేలేదు. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లాగా కిందికి వంగి ఉంది. వెనక చక్రానికి అయిదు పళ్ళచక్రాలు, గేర్లు మార్చే చిన్న పుల్ల గొట్టం మీదే. ముందూ వెనకా సామాన్లు కట్టుకునే సన్నటి స్టాండ్లు. ఆకుపచ్చ రంగు పెచ్చులు లేచిపోయినా, మిగిలిన చోట గీతలు గీసినట్టు బంగారు రంగు అంచు కనిపిస్తోంది. ఊళ్ళు తిరగడానికి దొరలు చేసుకున్న బండి. ఇక బాగోగులంటారా, పెడళ్ళు తిరగవు, సీటు కదలదు, ఫ్రీవీలు రాయిలాగా బిగుసుకుపోయింది, చైను ఒక్క ఇనప కడ్డీ అయి కూర్చుంది.

"అసిరయ్యకెక్కడిది?"

"ఎప్పుడో ఒక దొర ఈ సముద్రం ఒడ్డంట తొక్కుకుంటా పోతా, జరమొచ్చి ఆళ్ళింట్లో పడ్డాడట. అసిరయ్య మావ అయ్య ఆడికి గంజి పోసి బతికించేడట. పోతా పోతా సైకిలు ఇచ్చీసి రైలెక్కీసేడట."

"కత బాగున్నాది" అంది దేముడమ్మ.

చినబాబు తల దించుకున్నాడు. తన మాట కథలాగా వినిపిస్తుందని అతనికి తెలుసు. మూడేళ్ళ కిందట కూడా అతను ఒక కథే చెప్పాడు. పాతపట్నం వైపు నుంచి ఆటోలో పనసకాయలు వేసుకొస్తుంటే పోలీసులు ఆపారు. పనసకాయల కింద గంజాయి మూటలు. నాకు తెలీదు, కాయలు ఎక్కించినవాడెవడో కట్టిపెట్టేశాడు అన్నాడు. దేముడమ్మ నమ్మింది. నమ్మి, పోలీసు స్టేషను మెట్ల దగ్గర పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడింది. మర్నాడు పోలీసులు ఆమె దుకాణానికి వచ్చారు. వేలాడదీసిన కొత్త టైర్లు దింపి, ట్యూబులు కోసి, పెట్టెలు బోర్లించి వెతికారు. ఏమీ దొరకలేదు. కానీ రోడ్డు పొడుగునా జనం నిలబడి చూశారు. పంతొమ్మిది నెలల తరువాత, తెలిసే తెచ్చాడని రుజువు కాలేదని కోర్టు చినబాబును వదిలేసింది. తెలియక తెచ్చాడని కూడా రుజువు కాలేదు. ఆ సంగతి కోర్టుకు అక్కర్లేదు. దేముడమ్మకు కావాలి.

"ఇంకో సంగతి అప్పా" అన్నాడు చినబాబు. "రైసుమిల్లు హరిబాబు గారిని అడిగేను. కాటా కాడ మనిషి కావాలట. మీ అప్ప ఒచ్చి ఒక మాట సెప్తే తీసుకుంటాను, సోమారం దాకా సూస్తాను అన్నాడు."

అదీ అసలు విషయం. ఊళ్ళో అతనికి ఎవరూ పని ఇవ్వలేదు. ఆటో లేదు, లైసెన్సు లేదు. అక్క ఒక్క మాట చెబితే పని ఉంటుంది. చెప్పకపోతే మళ్ళీ ఏ సముద్రపు ఒడ్డుకో, ఏ లారీ వెనకో పోవాలి.

"సూద్దాం" అంది దేముడమ్మ. "ముందు ఈ దొరగారి సంగతి సూడనీ."

"నాను సేసుకుంటానే. పానాలిచ్చీసి ఓ మూల కూకోనీ సాలు."

"నా పానాలు నాను తప్ప ఎవులూ ముట్టుకోరు. రేపు రా."

మర్నాడు, శుక్రవారం, గిరాకీ తగ్గాక సైకిలును తిరగేసి నిలబెట్టింది. కిరసనాయిలూ బ్రేకాయిలూ కలిపి బిగుసుకుపోయిన ప్రతి చోటా చుక్కలు వేసింది. ఫ్రీవీలు రెండు గంటలు నానాక మూలిగినట్టు చప్పుడు చేసి తిరిగింది. పెడళ్ళ కాడలకు దిగేసిన కాటర్ పిన్నులను చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో కొడితే, ఒకటి వచ్చింది, ఒకటి విరిగింది. తుప్పు తుప్పులాగానే ప్రవర్తిస్తోంది. అంతవరకు అనుమానించడానికేమీ లేదు.

తరువాత ఆమె అలవాటు కొద్దీ గొట్టాలను పానాతో తట్టి చూసింది. ఫ్రేములో ఎక్కడన్నా పగులుంటే మోతలో తెలుస్తుంది. మంచి గొట్టం గంటలాగా మోగుతుంది. పగిలినది గరగరమంటుంది. పైగొట్టం ఠంగుమంది. సీటు కింద గొట్టం మోగలేదు. ధాన్యం బస్తాను తట్టినట్టు ధబ్బుమంది. మళ్ళీ తట్టింది. మళ్ళీ ధబ్బే. హ్యాండిలు కింద గొట్టం తట్టింది. అదీ అంతే.

లోపల ఏదో ఉంది.

దేముడమ్మ పానా కింద పెట్టి రోడ్డు వైపు చూసింది. ఎవరూ తనను చూడడం లేదు. సీటు పిల్లర్ గొట్టంలోకి దిగే చోట గోటితో గీకింది. తుప్పు కాదు. నల్లగా, గాజులాగా మెరుస్తూ గట్టిగా ఉన్న ఏదో పదార్థం సందంతా కప్పేసింది. ఎవరో కావాలని పోసి మూసినట్టుంది. వాసన చూసింది. పూజ గదిలో పొగలాగా ఒకసారి, చేపనూనెలాగా ఒకసారి అనిపించింది. దుకాణం వెతికిన రోజు పోలీసాయన అన్న మాట గుర్తొచ్చింది: కుక్కలు పసిగట్టకుండా వాసనకు వాసన కలుపుతారమ్మా.

సాయంత్రం చినబాబు వచ్చాడు. సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, తిరుగుతున్న ఫ్రీవీలును వేలితో నెట్టి మురిసిపోయాడు.

"ఆ సీటు గొట్టం ఇప్పేవేటి?"

"లేదు."

"ఇప్పకులే. ఎత్తు నాకు సరిగ్గా సరిపోతాది. ఉన్నకాడే ఉండనీ."

"ఇప్పితే నీకేటి నొప్పి?"

"నొప్పేటి? ఊరికే కట్టం కదా నీకు."

"నా కట్టం సంగతి నీకిప్పుడు గేపకమొచ్చిందా?"

చినబాబు నవ్వబోయి ఆగిపోయాడు. "ఏటైందే?"

"ఏటీ లేదు. ఎల్లు. ఆదారం పదింటికి రా."

అతను వెళ్ళాక ఎదురుగా టీ కొట్టు నడిపే లక్ష్మణమ్మ ఖాళీ గ్లాసుల కోసం వచ్చింది. ఆమెకు రోడ్డు మీద జరిగేదంతా ఇంట్లో జరిగినట్టే లెక్క.

"ఒదినా, నీ తమ్ముడు మద్దేన్నం కూడా ఒచ్చేడు. నువ్వు అన్నానికెల్లేవు. ఆ సైకిలు కాడ కూకోని, పసిగుంటని నిమిరినట్టు నిమిరేసి పోయేడు."

"తలుపేసే ఉన్నాది కదా?"

"తలుపు సందులోంచి సెయ్యెట్టి మరీ నిమిరేడు. ఎందుకే అంత పేణం దాని మీద?"

"నానూ అదే సూస్తన్నాను" అంది దేముడమ్మ.

ఆ రోజు ఆమె సైకిలును దుకాణంలో వదల్లేదు. ఇంటికి తోసుకెళ్ళి మంచం కాలికి గొలుసుతో కట్టింది. కట్టాక ఇంకో భయం పట్టుకుంది. లోపలున్నది అదే అయితే, ఇప్పుడది తన ఇంట్లో ఉంది. పోలీసులొస్తే తన మంచం కాలికే దొరుకుతుంది. చెడ్డ పనికి పవిత్రమైన చోటు కావాలంటే అక్క ఇల్లు కంటే మంచి చోటేముంది? రెండు నెలల కూలికి ఎవడైనా తుప్పు పట్టిన సైకిలు తీసుకుంటాడా? మంట పెట్టొద్దంటాడా? సీటు విప్పొద్దంటాడా? మూడు మాటలూ మూడు వైపుల నుంచి వచ్చి ఒకే చోట ఆగుతున్నాయి.

విప్పి చూస్తే సరి. కానీ ఒంటరిగా విప్పితే? అదే బయటపడితే ఏం చెయ్యాలి? పారెయ్యాలా? పారేస్తే తానూ దొంగే. విప్పాక పోలీసులను పిలిస్తే, ముందే తెలుసునంటారు.

శనివారం పొద్దున్న దేముడమ్మ కానిస్టేబుల్ ధర్మేంద్ర ఇంటికి వెళ్ళింది. అతని కూతురి సైకిలుకు ఏటేటా బ్రేకు రబ్బర్లు మార్చేది ఆమే. అతను బనీనుతో గుమ్మంలో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు.

"బాబూ, రేపు పదింటికి మా సాపుకి రావాలి. ఒక సైకిలు గొట్టం ఇప్పుతాను. నువ్వు ఊరికే సూస్తే సాలు."

ధర్మేంద్ర రేజరు ఆపాడు. "ఎవరి సైకిలు పిన్నీ?"

ఆ ప్రశ్న వస్తుందని ఆమెకు తెలుసు. దారి పొడుగునా జవాబు వెతుక్కుంటూనే వచ్చింది. దొరకలేదు.

"మా సినబాబుది" అంది.

అతను రేజరును నీళ్ళ గ్లాసులో ముంచాడు. "ఆడికి తెలుసా, నాను వస్తన్నానని?"

"లేదు."

"సరే. డ్రెస్సు లేకుండా వస్తాను. ఏటీ లేకపోతే టీ తాగి ఎల్లిపోతాను."

ఆదివారం పదింటికి ముందే ధర్మేంద్ర వచ్చి లక్ష్మణమ్మ కొట్టు బల్ల మీద కూర్చున్నాడు. గళ్ళ చొక్కా వేసుకున్నాడు కానీ, కాళ్ళకు ఎర్రటి పోలీసు బూట్లే ఉన్నాయి. చినబాబు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. సైకిలు తొక్కబోతున్నానని అనుకున్నాడు కాబోలు. దుకాణం మెట్టు మీద కాలు పెట్టి, ఆ బూట్లు చూసి, తరువాత ముఖం చూశాడు. మూడేళ్ళ కిందట ఆ ముఖాన్ని అతను బాగా దగ్గర నుంచి చూశాడు.

"నమస్తే సార్" అన్నాడు.

"ఏరా, బాగున్నావా? టీ తాగుతావా?"

"ఒద్దు సార్." అక్క వైపు తిరిగాడు. "నువ్వు పిలిసేవా?"

దేముడమ్మ బట్టతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది. తుడవడానికి ఆ చేతులకింకా ఏమీ అంటలేదు.

"ఆ గొట్టంలో ఏదో ఉన్నాదిరా."

"ఏటున్నాది?"

"నువ్వు సెప్పు."

"నాకు తెలీదే."

"తెలీదు. ఎప్పుడూ నీకు తెలీదు" అంది దేముడమ్మ.

చినబాబు చొక్కా చేతులు పైకి మడిచాడు. "అయితే ఇప్పు. ఇప్పీయి. సార్, మీరు దగ్గరకొచ్చి కూకోండి. తరవాత దూరం నించి సూసేం, సరిగ్గా కనిపించలేదు అనొద్దు."

లక్ష్మణమ్మ పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూసుకోకుండా రోడ్డు దాటి వచ్చి నిలబడింది.

దేముడమ్మ సైకిలును తలకిందులుగా ఎత్తి సీటు పిల్లర్ను బల్లకున్న వైసులో బిగించింది. ఇలాంటి మొండి పిల్లర్ను తిప్పడానికి అదే పద్ధతి. పిల్లర్ కదలకుండా పట్టేసి ఫ్రేమునే పెద్ద పానాలాగా తిప్పాలి. ఒక వైపు ఆమె పట్టుకుంది, రెండో వైపు చినబాబు పట్టుకున్నాడు. తిప్పారు. బల్ల కిర్రుమంది, వైసు కిర్రుమంది, పిల్లర్ మాత్రం కదల్లేదు.

"మంట పెట్టిస్తే సరిపోదా?" అన్నాడు ధర్మేంద్ర.

"ఒద్దు సార్. అసిరయ్య మావ ఒద్దన్నాడు."

కానిస్టేబుల్ కనుబొమలు పైకి లేచాయి. దేముడమ్మ ఆ చూపు చూసి, "లక్ష్మణమ్మా, మరిగే నీలు తే" అంది.

గొట్టం చుట్టూ గోనెపట్టా చుట్టి చెంబుడు చెంబుడు వేడినీళ్ళు పోసింది. మూడో చెంబుకు వాసన లేచింది. నాలుగో చెంబుకు సందులోంచి నల్లటి జిగురు తేనెలాగా ఊరి బొట్లు బొట్లుగా జారింది. ఇద్దరూ మళ్ళీ పట్టి తిప్పారు. ముందు వేలెడు కదిలింది. తరువాత జానెడు. చివరికి ఫ్రేము సీసా మూతిలోంచి బిరడా వచ్చినట్టు పైకి ఊడొచ్చింది. పిల్లర్ చివర అంటుకుని, మనిషి జడంత లావున నల్లటి ముద్దొకటి సాగుతూ బయటికి వచ్చింది.

ధర్మేంద్ర దిగ్గున లేచాడు. "ఎవరూ ముట్టుకోకండి!"

చినబాబు చేతులు రెండూ పైకెత్తి వెనక్కి జరిగాడు. ఎవరూ ఎత్తమనలేదు. అలవాటైన చేతులు వాటంతటవే లేచాయి. దేముడమ్మ అది చూసింది.

కానిస్టేబుల్ పుల్లతో ముద్దను విడదీశాడు. లోపల కొబ్బరి పీచు, పీచు మధ్య పత్తి, పత్తికంతా ఆ జిగురు. ఆకు లేదు, గింజ లేదు. ఇంకా లోపలికి గుచ్చి చూశాడు. మళ్ళీ పీచే. నమ్మకం కుదరక చిటికెడు తుంచి అగ్గిపుల్ల అంటించాడు. భగ్గుమని అంటుకుని వేళ్ళు కాల్చింది. అతను కెవ్వుమని విదిలించాడు. దుకాణమంతా గుగ్గిలం పొగ.

"ఓలమ్మ, మా సావిట్లో దూపం ఏసినట్టున్నాది" అంది లక్ష్మణమ్మ ముక్కు మీద వేలేసుకుని.

"ఏట్రా ఇది?" అన్నాడు ధర్మేంద్ర వేళ్ళు ఊదుకుంటూ.

"నాకు తెలీదన్నాను కదా సార్. ఆడినే అడగండి." చినబాబు ఫోను తీసి నంబరు నొక్కి, అందరికీ వినపడేలా పెట్టాడు.

అవతల సముద్రపు గాలి హోరు. దాని మీద నుంచి ఒక ముసలి గొంతు. "ఎవుడ్రా?"

"సినబాబుని మావా. సైకిలు గొట్టంలో ఏటి కూరేవు?"

"ఏటి కూరతాను? గుగ్గిలం, నూనె, పీసు. పడవ సెక్కల సందుల్లో ఏటి కూరతామో అదే కూరేను. రోజూ దాన్ని పడవ మీదేసుకోని వంశధార దాటేవోడిని కదేటి. ఉప్పునీలు గొట్టంలోకి పోతే కుళ్ళిపోదా? పైనించీ కిందినించీ దట్టించి కూరి, కాగిన గుగ్గిలం పోసేను. సుక్క దిగితే ఒట్టు!"

"మరి మంట ఎట్టొద్దని ఏల అన్నావు?"

"గుగ్గిలానికి మంటెడితే అంటుకోదేట్రా, ఎర్రోడా? మా తమ్ముడు పడవ అలగే కాలిపోయింది. ఏటి, పీసు తీసీసేరా?"

"తీసీసేం."

"తీసీసేరా! ఇంకేటి, మునిగిపోతాది!"

ధర్మేంద్ర పగలబడి నవ్వాడు. లక్ష్మణమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. నలభై ఏళ్ళు పడవల్లోంచి నీళ్ళను బయట ఉంచిన మనిషికి చిల్లు ఎక్కడ కనిపించినా కూరడమే తెలుసు. అలా కూరి కూరి పిల్లర్నీ, పెడళ్ళ ఇరుసునీ, హ్యాండిలు కాడనీ జన్మలో విడిపోకుండా అతికించేశాడు. దేముడమ్మకు నవ్వు రాలేదు. చినబాబుకూ రాలేదు.

"సరే పిన్నీ, టీ బాకీ నువ్వు" అని కానిస్టేబుల్ లేచాడు. "మీ తమ్ముడు శుబ్బరంగానే ఉన్నాడు."

"హ్యాండిలు కూడా ఇప్పించి ఎల్లండి సార్" అన్నాడు చినబాబు. "అదీ మోగదు. మా అప్పకి ఇవాళ నిద్ర పట్టాల."

ధర్మేంద్ర నవ్వు ఆపి, ఆమె వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. లక్ష్మణమ్మకు పాలు గుర్తొచ్చాయి.

ఇద్దరే మిగిలారు.

"ఆ పోలీసులొచ్చి టూబులు కోసినప్పుడు నువ్వు లేవురా" అంది దేముడమ్మ. "నాను ఒక్కదాన్నే నిలబడ్డాను."

"నాను లోపలున్నాను అప్పా. అక్కడా ఒక్కడినే."

"ఇది తెచ్చీ ముందు ఒక్కసారి నన్నడిగి ఉంటే..."

"ఎవుల్నడగాల? నువ్వు కదా నన్నడగాల్సింది. గొట్టం మోగలేదని నాకు సెప్పి ఉంటే అప్పుడే మావకి పోను సేసుందుము." చొక్కా చేతులు కిందికి దించుకున్నాడు. తెల్ల చొక్కా నిండా నల్ల మచ్చలు. "హరిబాబు గారికి నువ్వేటీ సెప్పొద్దు. గొట్టం ఇప్పి సూసుకున్నాక సెప్పే మాట నాకొద్దు."

సైకిలు అక్కడే వదిలేసి నడిచి వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా దేముడమ్మ దుకాణం సగం తలుపు వేసుకుని ఆ సైకిలుతోనే ఉంది. వేడినీళ్ళతో గొట్టంలోని గుగ్గిలం కడిగింది. ఇరుసు విప్పి గోళీలు మార్చి గ్రీజు పెట్టింది. విరిగిన పిన్ను తొలిచి కొత్తది ఆకురాయితో అరగదీసి కూర్చింది. చైను కిరసనాయిల్లో నాని, ఒక్కొక్క లింకునూ ఆడించాక మళ్ళీ గొలుసయింది. హ్యాండిలు దగ్గరికి వచ్చి ఆగింది. పానా బిగించింది. తీసేసింది. హ్యాండిలు ఎటు కావాలంటే అటు తిరుగుతోంది, ఎత్తూ సరిపోతుంది. విప్పాల్సిన పనిలేదు. విప్పాలని మాత్రం చేతులు లాగుతున్నాయి. లోపల పీచే ఉంటుందని తెలుసు. తెలిసీ లాగుతున్నాయి. పానాలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసింది.

సోమవారం పొద్దున్నే మిల్లుకు వెళ్ళింది. హరిబాబు కాటా పక్కన కుర్చీ వేసుకుని, చేతిలో పోసుకున్న ధాన్యం గింజలు పళ్ళతో కొరికి తేమ చూస్తున్నాడు.

"రా దేముడమ్మా. సొంత తమ్ముడి మీదకి పోలీసుని పిలిసేవట?"

లక్ష్మణమ్మ కొట్టులో టీ తాగనివాడు ఆ ఊళ్ళో ఎవడున్నాడు?

"పిలిసేను బాబూ."

"ఏటి దొరికింది?"

"కొబ్బరి పీసు."

హరిబాబు గింజలు ఉమ్మేసి నవ్వాడు. "నా కాడకి మాట సెప్పడానికి రోజుకొకరు వస్తారు. తల్లులొస్తారు, మావలొస్తారు. మావోడు బంగారం అంటారు. ఆ బంగారమే నా బస్తాలు ఎత్తుకుపోతాది. నువ్వొక్కదానివే ముందు గొట్టం ఇప్పి సూసుకోని వచ్చేవు. నీ మాట నాను నమ్ముతాను."

ఎవరైనా మెచ్చుకుంటే అంత సిగ్గుగా ఉంటుందని దేముడమ్మకు అంతవరకు తెలియదు. తన అనుమానానికి ఈయన వెల కడుతున్నాడు. తమ్ముడి మంచితనానికి కాదు.

"అయితే ఆడి మీద నీకు గురి కుదిరినట్టేనా?" అన్నాడు.

అవునంటే పని అయిపోతుంది. ఒక్క మాట.

"ఇంకా కుదర్లేదు బాబూ. కుదిరిందంటే అబద్దం. కానీ ఆడిని తీసుకోండి. ఆడి వల్ల ఒక్క గింజ పోయినా నా సాపుకొచ్చి అడగండి. పూసీ నాది."

"గురి లేకుండా పూసీ ఏటే?"

"గురి కుదిరేదాకా ఆడు ఏటి తినాల?"

హరిబాబు చేతిలో మిగిలిన గింజలు బస్తాలోకి జార్చాడు. "రేపు ఆరింటికి రమ్మను."

చినబాబు రైల్వే గేటు అవతల అద్దె గదిలో ఉంటున్నాడు. దేముడమ్మ సైకిలు తోసుకుంటూ వెళ్ళేసరికి అతను వాకిట్లో ఇటుకల పొయ్యి మీద అన్నం వారుస్తున్నాడు. సైకిలు వైపు చూశాడు. ఆమె వైపు చూడలేదు.

"రేపు ఆరింటికి మిల్లు కాడ ఉండు" అంది.

"నాను ఒద్దన్నాను కదా."

"నువ్వొద్దన్నావు. నాను సెప్పేను."

"ఏటి సెప్పేవు? మావోడు బంగారమనా?"

"గురి కుదర్లేదని సెప్పేను. అయినా పూసీ నాదని సెప్పేను."

చినబాబు గంజి గిన్నె పక్కన పెట్టాడు. కోపం వస్తుందనుకుంది. ముఖం కోపంతోనే మొదలై, మధ్యలో మెత్తబడింది.

"అలగే సెప్పేవా, ఆయన మొకం మీద?"

"మరెలగ సెప్పాల?"

అతను వచ్చి సైకిలు హ్యాండిలు పట్టుకుని, బ్రేకు నొక్కి చూసి, పెడలు వెనక్కి తిప్పాడు. చైను చప్పుడు లేకుండా తిరిగింది.

"ఇంకోసారి అనుమానం ఒస్తే ముందు నన్నడుగు అప్పా."

"అడుగుతాను. నువ్వు సెప్పింది నమ్ముతానని మాత్రం అనలేను."

"నమ్మకు. అడుగు." కాలు విసిరి సైకిలెక్కి, రెండు గజాలు తూలి, వంగిన కొమ్ములు పట్టుకుని ఎలా కూర్చోవాలో తెలుసుకునేదాకా తంటాలు పడి, గేటు వైపు తొక్కుకుంటూ పోయాడు. దేముడమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, అతను వచ్చేలోగా అన్నం చల్లారకుండా గిన్నె మీద మూత పెట్టింది.